కొండకు నడిచేవారి పక్కబట్టలు: కప్పుకునేది ముందా, పరుచుకునేది ముందా?

క్లుప్తంగా

తిరుమలకు రోజుల తరబడి నడిచి వచ్చేవారు దారిలో ఎక్కువగా బండల మీద, సిమెంటు నేల మీద పడుకుంటారు. అలాంటి చోట నిద్ర పట్టడం, పట్టకపోవడం కింద పరుచుకున్నదాన్ని బట్టే ఉంటుంది. పైన కప్పుకునే రగ్గు ఆ తర్వాతి సంగతి. పెరటాసిలో (సెప్టెంబరు, అక్టోబరు నడుమ వచ్చే తమిళ నెల), కార్తీకంలో చలి కంటే తడి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సామాను తామే మోసుకునేవారికి పక్కబట్టలన్నీ కలిపి కిలోన్నర దాటకపోవడం మేలు. బరువు తగ్గించుకోవాలని దోమతెర మాత్రం తీసేయకూడదు.

ఎందుకింత అయోమయం

సెప్టెంబరు సగం దాటిందంటే తిరుపతికి వచ్చే రోడ్ల మీద పసుపు బట్టల నడక మొదలవుతుంది. తమిళనాడు వైపు నుంచి పుత్తూరు, రేణిగుంట మీదుగా, కర్ణాటక వైపు నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా, కడప వైపు నుంచి రాజంపేట, మామండూరు మీదుగా గోవింద నామాలు చెప్పుకుంటూ జనం వస్తారు. ధనుర్మాసంలో వైకుంఠ ఏకాదశికి మళ్లీ ఇంకో విడత వస్తారు. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు, అంటే రెండు మూడు రోజుల నడక. చెన్నై నుంచి సుమారు 140, బెంగళూరు నుంచి సుమారు 250 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి వచ్చేవారికి వారం పైనే పడుతుంది. ఇన్ని రాత్రులు ఇంటి బయట పడుకోవాలన్నమాట.

సామాను సర్దే రోజున తలా ఒక మాట చెబుతారు. ఒకరు కంబళి లేకుండా బయల్దేరవద్దంటారు. ఇంకొకరు తువాలు ఒక్కటి చాలంటారు. ఆన్‌లైన్‌లో చూసి స్లీపింగ్ బ్యాగ్ తెప్పించుకున్నవారు మూడో మాట చెబుతారు. వీళ్లలో అబద్ధం చెప్పేవారు ఎవరూ లేరు. ఎవరు ఏ నెలలో నడిచారు, ఏ ఎత్తున పడుకున్నారు, వెంట వ్యాను ఉందా లేదా అన్నదాన్ని బట్టి అనుభవం మారిపోతుంది. ఆ వివరాలు చెప్పకుండా సలహా మాత్రమే చేతులు మారడంతో కొత్తవారికి ఏది నమ్మాలో తెలియడం లేదు.

నేల చేసే పని

గుడి మండపం, కల్యాణ మండపం వరండా, బడి అరుగు, సత్రం హాలు, పెట్రోలు బంకు పక్కన షెడ్డు. దారిలో దొరికే పడక చోట్లు ఇవే. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉండేది గట్టి నేల. అదీ నల్లరాయి, కడప బండ, సిమెంటు, టైల్స్‌లో ఏదో ఒకటి.

ఒంటికి తగిలిన రాయి వేడిని లాగేసుకుంటుంది. కదలకుండా ఉన్న గాలితో పోలిస్తే నల్లరాయి సుమారు వంద రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది. ఏ బట్టయినా వెచ్చగా ఉండడానికి కారణం దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలే. దుప్పటి పైన కప్పుకున్నప్పుడు ఆ గాలి అలాగే నిలుస్తుంది. అదే దుప్పటి కింద పరుచుకుంటే ఒంటి బరువుకు పోగులు నలిగి గాలి బయటికి పోతుంది, ఇక మిగిలేది పలచని గుడ్డ పొర. అందుకే డిసెంబరులో రెండు దుప్పట్లు తెచ్చుకుని, ఒకటి కింద, ఒకటి పైన వేసుకున్నా తెల్లవారుజామున నడుము పట్టేస్తుంది. ‘చలి చంపేసింది’ అనుకుంటారు గానీ ఆ చలి వచ్చింది కింది నుంచి.

కాబట్టి కింద వేసేది బరువు పడినా నలగనిదై ఉండాలి. ఆరు నుంచి పది మిల్లీమీటర్ల మందమున్న ఫోమ్ మ్యాట్, అంటే చాలామంది యోగా మ్యాట్ అని పిలిచేదానిలో, విడివిడి గదుల్లాంటి బుడగల్లో గాలి బంధించి ఉంటుంది. మనిషి పడుకున్నా ఆ గాలి బయటికి పోదు. చూడ్డానికి అలాగే ఉండే స్పాంజి వేరు. దాని రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కాబట్టి నలిగిపోతుంది, పైగా నీళ్లు తాగేస్తుంది. కొనేటప్పుడు తేడా తెలియాలంటే ఒక మూల గట్టిగా పిండి చూడాలి. గాలి బుస్సుమని బయటికి వస్తే అది స్పాంజి.

బరువు మరీ భారమనుకుంటే మ్యాటును భుజం నుంచి తుంటి దాకా సరిపోయేలా మూడు, మూడున్నర అడుగులకు కోసుకోవచ్చు. వేడి పోయేది, ఒత్తిడికి నొప్పి పుట్టేది ఎక్కువగా ఆ భాగంలోనే. కాళ్లు సంచి మీద పెట్టుకుంటే సరిపోతుంది, పగలంతా నడిచి వాచిన పాదాలకు అలా ఎత్తులో ఉండడం హాయి కూడా.

ఏమీ కొనలేనివారికి ఊరూరా దొరికే పరుపు ఒకటుంది. కిరాణా కొట్టులో అట్టపెట్టెలు అడిగితే ఇస్తారు. ముడతల అట్ట మధ్య గాలి ఉంటుంది, రెండు పెట్టెలు విప్పి పరిస్తే బండ చలి బాగా ఆగుతుంది. పొద్దున్నే అక్కడే అప్పగించి వెళ్లొచ్చు, మోసే పని లేదు. తడిస్తే మాత్రం పనికిరాదు.

ఏప్రిల్, మే నెలల్లో ఈ లెక్క తిరగబడుతుంది. తిరుపతిలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో జనం రాత్రి నడిచి పగలు పడుకుంటారు. నీడలో ఉన్న మండపం రాయి అప్పుడు ఒంటి వేడిని లాగేయడమే కావాలి. తుంగ చాప ఒకటి, పలచటి పంచె ఒకటి ఉంటే అంతకన్నా మంచి పడక లేదు. ఎండ తగిలిన అరుగులు మాత్రం సాయంత్రం దాకా తాగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి, వాటి మీద పడుకోవాలంటే వేసవిలోనూ మ్యాటు కావాల్సిందే.

దారి ఎత్తు, లేచే వేళ

చిత్తూరు ప్రాంతమంతా ఒకే చలి ఉండదు. పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంటే, మొగిలి ఘాటు దిగి వచ్చాక చిత్తూరు సుమారు 330 మీటర్ల ఎత్తునే ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన ఘాటుకు పైన, కింద రెండు డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. మదనపల్లె కూడా పీఠభూమి మీదిదే, ఎత్తు సుమారు 700 మీటర్లు. అక్కడి నుంచి జనవరిలో బయల్దేరేవారికి మొదటి రెండు రాత్రులే గట్టివి, పీలేరు దాటి కిందికి వచ్చేకొద్దీ చలి మెత్తబడుతుంది. పుత్తూరు, నగరి వైపు నుంచి వచ్చేవారికి ఆ బాధ చాలా తక్కువ. తిరుపతిలో జనవరి రాత్రులు సాధారణంగా 18 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

లేచే వేళ కూడా లెక్కలోకి వస్తుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. రాత్రిలో అన్నిటికన్నా చలిగా ఉండేది సూర్యోదయానికి ముందు గంట. తెల్లవారుజామున మూడింటికి లేచి నడక మొదలుపెట్టే గుంపు ఆ గంటలో రోడ్డు మీద ఉంటుంది, నడక వేడికి చలి తెలియదు. అలాంటివారికి మందపాటి రగ్గు వృథా మోత. ఆరింటిదాకా పడుకునే అలవాటున్నవారికి, చిన్నపిల్లలతో వచ్చేవారికి, పెద్ద వయసువారికి అది అవసరం.

ఆరుబయట పడుకుంటే ఇంకో సంగతి ఉంది. మబ్బు లేని రాత్రి కప్పుకున్న దుప్పటి తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడి, దాని మీద మంచు కురిసి తడుస్తుంది. రెండడుగుల అవతల చింతచెట్టు కిందో, రేకుల షెడ్డు కిందో పడుకున్నవారి దుప్పటి పొడిగా ఉంటుంది. నెత్తిన ఏదో ఒక నీడ ఉంటే అది ఇంకో దుప్పటి కప్పుకున్నదానితో సమానం.

తడి

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు నైరుతి తోక వానలు, ఈశాన్య రుతుపవనాల వానలు రెండూ తగులుతాయి. పెరటాసిలో పగలంతా ఎండ కాసి సాయంత్రం ఉరుములతో వాన పడడం మామూలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన వరదలు, అదే వారంలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడం ఈ ప్రాంతం మరిచిపోలేదు. యాత్రలు జోరుగా సాగే నెలలూ ఇవే.

పక్కబట్టలు తడిస్తే రెండు నష్టాలు కలిసి వస్తాయి. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది, నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది. రెండోది మోత. నూలు దుప్పటి తన బరువుకు మించిన నీటిని పట్టి ఉంచుతుంది, మబ్బు పట్టిన రోజున రాత్రికి కూడా ఆరదు. షోలాపూరు దుప్పటి ఇంట్లో ఎంత సుఖమో, వానాకాలం నడకలో అంత భారం. పాత చీరలతో కుట్టిన బొంత సంగతి చెప్పనక్కర్లేదు.

ఉన్ని గుణం వేరు. కొంత తేమ పట్టినా కంబళి వెచ్చదనం పూర్తిగా పోదు, ఎందుకంటే ఉన్ని పోగు తేమను తన లోపలికి తీసుకుని పైన పొడిగా ఉంటుంది, వంకీలు తిరిగిన పోగులు గాలిని వదలవు. గొర్రెల కాపరులు వానలో కంబళినే గొంగడిగా వేసుకునేది అందుకే. ఉన్ని బట్టను మడిగా భావించే ఆచారం ఉంది కాబట్టి మాల వేసుకున్నవారు కూడా దాన్ని ఇష్టపడతారు. దాని లోపమల్లా బరువు. మంచి కంబళి కిలోన్నర నుంచి రెండు కిలోల పైనే తూగుతుంది. వ్యానులో వేసుకునే వీలుంటే కంబళిని మించింది లేదు, భుజాన వేసుకుని బెంగళూరు నుంచి రావడం కష్టం.

ఆ మధ్యలో నిలిచేది ఫ్లీస్ దుప్పటి. ఒకరికి సరిపోయేది అర కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పాలిస్టర్ పోగు నీటిని పెద్దగా తాగదు, పిండి ఆరేస్తే గంటల్లో ఆరుతుంది. వేసవిలో ఉక్కపోత, నిప్పురవ్వ పడితే కరిగిపోవడం దాని లోపాలు. కర్పూరం వెలిగించే చోట, వంట దగ్గర దూరంగా ఉంచాలి.

తడి పైనుంచే రాదు. మట్టి నేల, వానకు చెమర్చిన సిమెంటు కింది నుంచి తేమ పంపిస్తాయి. దానికి కింద పాలిథిన్ పట్ట వేయాలి. యూరియా సంచులు కుట్టి చేసిన పట్ట పల్లెల్లో ప్రతి ఇంట్లో ఉంటుంది, గట్టిది, తేలికైనది. బాగా ఉతికి వాడాలి. పురుగుమందు తగిలిన పట్టను మాత్రం పడకకు వాడనే కూడదు. ఇంకో పొరపాటు తరచూ కనిపిస్తుంది. వాన జల్లు కొడుతుందని ప్లాస్టిక్ పట్టను ఒంటికి చుట్టుకుని పడుకుంటారు. ఒంటి నుంచి రాత్రంతా వచ్చే చెమట ఆవిరి ఆ ప్లాస్టిక్ లోపలి వైపు నీరై కారుతుంది. పొద్దున్నే దుప్పటి తడిసి ఉంటే వానను తిట్టుకుంటారు. పట్ట కింద ఉండాలి, లేదంటే ఒంటికి తగలకుండా పైన పందిరిలా కట్టాలి.

మోత లెక్క

అడుగుకు 70 సెంటీమీటర్లు అనుకుంటే చిత్తూరు నుంచి తిరుపతికి లక్ష అడుగులు. సంచిలో ఎక్కువైన ప్రతి కిలో లక్ష సార్లు పాదం మీద పడుతుంది. మొక్కుకుని చెప్పుల్లేకుండా నడిచేవారికి ఆ కిలో బొబ్బల రూపంలో తెలుస్తుంది.

దూరం నడిచేవారు సాధారణంగా ఒంటి బరువులో పదో వంతు మించి మోయకూడదంటారు. 60 కిలోల మనిషికి అది ఆరు కిలోలు. అందులో రెండు లీటర్ల నీళ్లకు రెండు కిలోలు పోతాయి. ఒక జత బట్టలు, మందులు, టార్చి, పూజ సామాను కలిపి ఇంకో రెండు, ఖాళీ సంచి అర కిలో. మిగిలేది కిలోన్నర. ఫోమ్ మ్యాట్ ముక్క, ఫ్లీస్ దుప్పటి, పలచటి పంచె, ఒకరికి సరిపడే దోమతెర, చిన్న పట్ట ఈ బరువులో ఇమడడం కష్టమే గానీ అసాధ్యం కాదు. బయల్దేరే ముందు కొట్లో కాటా మీద పెట్టి చూసుకుంటే అన్నీ తేలిపోతాయి. దిండు తీసేయొచ్చు, మార్చుకునే బట్టలు తువాలులో చుడితే దిండే.

ఊరి గుంపులకు వెంట మినీ వ్యాను ఉంటుంది కాబట్టి ఈ లెక్క వారికి పట్టదనిపిస్తుంది. కానీ వ్యాను ఎప్పుడూ మనిషి దగ్గర ఉండదు. వెనకబడినవారు చీకటి పడేసరికి మజిలీకి మూడు నాలుగు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోతే, పక్కబట్టలన్నీ అక్కడ, మనిషి ఇక్కడ. పోగేసిన మూటల్లో అడుగున పడ్డది తడుస్తుంది కూడా. వ్యాను ఉన్నా సరే, ఒక పంచె, ఒక చిన్న పట్ట ఎవరి భుజాన వారికి ఉండాలి. మూటలను విడివిడిగా పాలిథిన్ కవర్లలో కట్టి పేరు రాస్తే రాత్రి వెతుకులాట తప్పుతుంది.

వేరే చోట్ల పద్ధతి ఇక్కడ ఎందుకు నప్పదు

ఆన్‌లైన్‌లో దొరికే జాబితాల్లో చాలా వరకు స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రికుల కోసం రాసినవి. సుమారు 780 కిలోమీటర్ల ఆ ప్రధాన దారి పొడవునా యాత్రికుల వసతి గృహాలు ఉంటాయి, వాటిలో మంచం, పరుపు ఉంటాయి. కాబట్టి అక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే, పైన స్లీపింగ్ బ్యాగా, లోపల వేసుకునే పలచటి గుడ్డ సంచి చాలా అని. ఆ జాబితా ప్రకారం కొన్నవారి దగ్గర కింద పరుచుకునేది ఉండదు. స్లీపింగ్ బ్యాగ్ కింది సగం కూడా ఒంటి బరువుకు నలిగిపోతుంది, బండ మీద అది కాపాడదు. పైగా మన వాతావరణంలో ఎక్కువ రాత్రులు దాని జిప్పు తెరిచే పడుకోవాలి.

మహారాష్ట్రలో ఆళంది నుంచి పండరిపురానికి సాగే ‘వారీ’ పాదయాత్ర ఇంకో రకం. సుమారు 250 కిలోమీటర్లు, మూడు వారాల దాకా, అదీ ఆషాఢ వానల్లో. అక్కడ దిండీల (యాత్రికుల బృందాల) లారీలు గుడారాలను, పక్కబట్టలను ముందే మజిలీకి చేరుస్తాయి. వార్కరీ (ఆ యాత్రికుడు) భుజాన తేలిక సంచి తప్ప ఉండదు. తిరుమల దారి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పరుపులున్న వసతి లేదు, అందరికీ లారీ లేదు. ఎవరి నేలను వారే సిద్ధం చేసుకోవాలి.

దోమతెర, కట్లపాము

సంచి బరువు తగ్గించాలనుకున్నప్పుడు మొదట బయటికి వచ్చేది దోమతెర. నిజానికి చివరిదాకా ఉండాల్సింది అదే. నడకతో అలసిన ఒంటికి రాత్రి నిద్ర చెడితే మర్నాడు పాతిక కిలోమీటర్లు సాగవు. డెంగీ మోసే దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున, సాయంత్రం ఎక్కువ. మధ్యాహ్నం చెట్టు కింద కునుకు తీసే యాత్రికుడు దానికి తేలిగ్గా దొరుకుతాడు.

అంతకన్నా పెద్ద కారణం కట్లపాము. అది రాత్రి తిరిగే పాము, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు, అందుకే చాలామందికి తెల్లారేదాకా తెలియదు. అప్పటికి కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. దోమతెరను మ్యాటు కిందికి గట్టిగా దోపి పడుకుంటే పాము లోపలికి రాలేదు, ఈ ఉపాయం ఎన్నో ప్రాణాలు కాపాడిందని వైద్యులు చెబుతారు. దోపకుండా వేలాడేసిన తెర దోమను కొంత ఆపుతుంది గానీ పామును ఆపదు. నిద్రలేచాక పక్కబట్టలు దులిపి మడవాలి, టార్చి చేతికందే చోట ఉండాలి. కాటు అనుమానం వస్తే మంత్రాలకు, కట్లకు సమయం పోనీయకుండా 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరాలి.

సత్రాల్లో, హాళ్లలో వరసగా పడుకునేటప్పుడు ఎవరి దుప్పటి వారే వాడుకోవడం మంచిది. గజ్జి పురుగు ప్రధానంగా ఒంటి తాకిడితో వస్తుంది, పంచుకున్న పక్కబట్టల ద్వారా కూడా రావచ్చు. మనిషి ఒంటిని వదిలాక అది రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి ఇంటికి రాగానే పక్కబట్టలను వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకలేని కంబళిని నాలుగైదు రోజులు కవరులో మూసి పెట్టినా చాలు.

అలిపిరి దగ్గర

తిరుపతి చేరాక పక్కబట్టల అవసరం తీరిపోయిందనుకుంటారు. ఒక రాత్రి మిగిలి ఉండవచ్చు. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి చనిపోయాక రాత్రి నడక మీద ఆంక్షలు వచ్చాయి. ఆలస్యంగా చేరినవారు కింద తిరుపతిలోనే ఆగాల్సి రావచ్చు. బస్టాండు దగ్గరి శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదుటి విష్ణు నివాసం వంటి వసతి గృహాలు ఉన్నా, రద్దీ రోజుల్లో హాల్లోనో ఆవరణలోనో పడుకోవాల్సి వస్తుంది. మ్యాటు అప్పుడు మళ్లీ కావాలి. మెట్ల దారిలో మాత్రం చీకటి పడ్డాక ఎక్కడా పక్క పరవకూడదు.

అలిపిరిలోనూ శ్రీవారి మెట్టు దగ్గరా సామాను తీసుకుని కొండ మీద ఉచితంగా తిరిగి ఇచ్చే కౌంటర్లు ఉన్నాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు పక్కబట్టల మూటతో ఎక్కే పని లేదు. కానీ మొత్తం మూట ఇచ్చేయకుండా శాలువానో పలచటి పంచెనో ఒకటి చేతిలో ఉంచుకోవాలి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, కింద ఉన్న తిరుపతి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లన. చెమటతో తడిసిన బట్టలతో పైకి చేరేసరికి ఆ గాలి గట్టిగా తగులుతుంది. కౌంటరులో మూట చేతికొచ్చేదాకా, ఆ తర్వాత క్యూలో కూర్చునేదాకా ఆ ఒక్క గుడ్డే ఆసరా.